ఆ ఇంటి రెండో కుక్క

ఆ ఏడు వర్షావాసం రేపనగా నేను పెట్టే బేడా సర్దుకుని బువాలై ఇంటికి వచ్చేశాను. మా ఫ్రే జిల్లా వైపు పెళ్లికొడుకే వెళ్లి పెళ్లికూతురి ఇంట్లో ఉండాలి, కాబట్టి ఇల్లరికమని నన్నెవరూ ఎగతాళి చెయ్యలేదు. నలభై అయిదేళ్లవాడికి ఇప్పుడు పెళ్లేమిటని కూడా అనలేదు. ఊరంతా మర్యాదగానే ఉంది. మర్యాద తెలియనిది ఆ ఇంట్లోని బొచ్చుకుక్క ఒక్కటే.

దాని పేరు కనూన్. మా భాషలో పనసపండని అర్థం. ఒంటిరంగు పనసతొనలా ఉంటుందని బువాలై ముద్దుగా పెట్టుకుంది. నన్నడిగితే ఆ కుక్కలో తొన ఎక్కడా లేదు, ఉన్నదంతా ముళ్లే. రెండు చేతుల్లో ఇమిడిపోయే ప్రాణి. నేను మెట్ల కింద చెప్పులు విడిచి పైకెక్కి, బువాలై తల్లి ఖమ్‌పాన్ అత్తకు దణ్ణం పెట్టి తలెత్తేలోగా, అది టకటకా మెట్లు దిగి వెళ్లి నా ఎడమ చెప్పులో పోసి వచ్చింది. వచ్చి బువాలై ఒళ్లోకి ఎక్కి, ఇంకా వెళ్లలేదేమన్నట్టు నావంక చూసింది.

"పాపం, కొత్తమనిషి కదా. బెదిరాడు," అంది బువాలై దాని తల నిమురుతూ.

అత్తకు డెబ్భై దాటాయి. నన్ను పేరు పెట్టి పిలిచేది కాదు, అల్లుడూ అని కూడా అనేది కాదు. వాళ్లింట్లో ఫ్రిజ్ బాగుచెయ్యడానికి వెళ్లినప్పుడే బువాలైతో నాకు పరిచయం, అందుకని ఆవిడకు నేను ఎప్పటికీ ఫ్రిజ్జులాయననే. కుక్కనూ పేరుతో పిలిచేది కాదు. కుక్కకు పండు పేరేమిటి, కుక్కా అంటే పలకదా అనేది.

ఆ సాయంత్రం ఆవిడ పూలూ, కొవ్వొత్తులూ, చిన్న బుట్టలో జిగురన్నం పట్టుకుని లోపలిగదిలోకి వెళ్లింది. ఆ గదిలో ఒక చెక్కబల్ల మీద ఆ ఇంట్లో గతించిన పెద్దలుంటారు. ఆవిడ అమ్మమ్మ, ఆ అమ్మమ్మకు అమ్మమ్మ, అలా పైదాకా. ఇంట్లోకి బయటినుంచి మగవాడెవడొచ్చినా ముందు వాళ్లకు చెప్పుకోవాలి. నేను గడప ఇవతల మోకాళ్ల మీద కూర్చున్నాను. పెళ్లయ్యేదాకా ఆ గడప దాటే హక్కు నాకు లేదు.

"పెద్దలారా, దమ్రోంగ్ అనే మనిషి ఈ ఇంటికొచ్చాడు," అంది అత్త కొవ్వొత్తి వెలిగిస్తూ. "వానలు వెళ్లేదాకా వరండాలో పడుకుంటాడు. ఆ తర్వాత మీ పిల్లను చేసుకుంటాడు. నచ్చితే సరే, నచ్చకపోతే చెప్పండి."

"నచ్చకపోతే ఎలా చెబుతారత్తా?" అన్నాను ఉండబట్టలేక.

"చెప్పే దారి వాళ్లకుంటుంది. నువ్వు కంగారుపడకు."

వర్షావాసంలో మా దగ్గర పెళ్లిళ్లు చెయ్యరు. బౌద్ధ సన్యాసులు గుళ్లలోంచి కదలని ఆ మూడు నెలలూ నేను వరండాలో పడుకుని, వానలు వెళ్లగానే మణికట్టుకు పెళ్లిదారాలు కట్టించుకోవాలి. మూడు నెలలే కదా అనుకున్నాను. ఆ మూడు నెలలూ ఆ కుక్కతో అని అప్పుడు తట్టలేదు.

వారం తిరక్కుండానే నాకు లెక్క అర్థమైపోయింది. బువాలైకి నేను బారెడు దూరంలో ఉంటే అది ఊరుకుంటుంది. దగ్గరికొస్తే గుర్రుమంటుంది. చెయ్యి తగిలిందా, ఇక నా పని అయిపోయినట్టే. భోజనాల దగ్గర చాప మీద మా ఇద్దరి మధ్యా దూరి, తన వెనకభాగం నావైపు పెట్టి కూర్చునేది. నేను జరిగితే జరిగేది. జరిగీ జరిగీ ఒకరోజు నేను చాప మీంచి చెక్కల మీదకు వచ్చేశాను, కూర గిన్నె అందడం మానేసింది.

అసలు ఒళ్లు మండే సంగతి అది కాదు. బువాలై స్తంభాల మీద లేపిన ఆ ఇంటి కింద కుండల్లో నీలిమందు కలిపి గుడ్డలకు రంగు వేసేది. మోచేతులదాకా నీలమే. కుక్క గుర్రుమనగానే చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి, ఆ నీలం చేతులతోనే దాన్ని ఎత్తుకుని గుండెకు హత్తుకునేది. "నా బంగారం, నా తండ్రి, ఏమైందిరా" అని దానికి లాలిపాటలు. దాంతో ఆ పసుపుపచ్చని వీపు మీద ఎప్పుడు చూసినా నీలం వేళ్ల గుర్తులు. నా చొక్కా మీద మాత్రం ఒక్క మరకన్నా లేదు. కుక్కను చూసి కుళ్లుకోవడమనేది ఒకటుంటుందని నాకు ఆ వానల్లోనే తెలిసింది.

"అది గుర్రుమన్నప్పుడల్లా ఎత్తుకుంటే ఎలా?" అన్నాను ఒకరోజు. "గుర్రుమంటే ఒళ్లోకి ఎక్కొచ్చని నువ్వే నేర్పుతున్నావు."

"కసురుకుంటే ఇంకా బెదిరిపోతాడు బావా."

"కసరమన్నానా? కింద దించమంటున్నా. బెదిరేది అదా! నా మొహం చూడు. నా చెప్పు చూడు."

"చెప్పు కడిగిపెడతాలే."

"ఎన్నాళ్లు కడుగుతావు?"

"ఇప్పటిదాకా కడుగుతూనే ఉన్నాగా," అంది, నాదే తప్పన్నట్టు మూతి ముడుచుకుని.

నా అవస్థ చూడలేక పక్కింటి తిప్ మామ ఒక ఉపాయం చెప్పాడు. జిగురన్నం ముద్ద చేసి, ఒక పూటంతా చంకలో పెట్టుకుని, ఆ ముద్ద కుక్కకు పెట్టాలట. మనిషి చెమట పట్టిన అన్నం తిన్న కుక్క చచ్చేదాకా ఆ మనిషిని వదలదట.

"నిజంగా పనిచేస్తుందా మామా? ఎవరికైనా పెట్టి చూశావా?"

"గట్టిగా అడక్కు. మా ఆవిడ వింటుంది," అన్నాడు.

ఖర్మకాలి అదీ చేశాను. చంకలో ముద్ద పెట్టుకుని ఆ పూట నూడుల్స్ దుకాణంలో ఫ్రిజ్ బాగుచెయ్యడానికి వెళ్లాను. కుడిచెయ్యి పైకెత్తడానికి లేదు. చేతికేమైంది, పక్షవాతమా అని దుకాణం ఆవిడ ఒకటే జాలిపడింది, ఊరికే నూడుల్స్ పెట్టింది. ఇంటికొచ్చి ఆ ముద్ద కనూన్ ముందు పెట్టాను. వాసన చూసింది. తిన్నది. మూతి నాక్కుంది. నా గుండె లేచొచ్చింది. తర్వాత నింపాదిగా మెట్లు దిగి వెళ్లి అదంతా నా చెప్పులో కక్కింది. ఎడమ చెప్పులోనే. అక్కడా గురి తప్పలేదు.

అరుగు మీద తమలపాకులు నములుతూ అత్త ఇదంతా చూస్తూనే ఉంది.

"ఫ్రిజ్జులాయనా, ఇటు రా," అంది. వెళ్లి కూర్చున్నాను. "ఇది కుక్క చేస్తున్న పని కాదు. కుక్కకు కనిపించేవి మనకు కనిపించవు. నచ్చకపోతే చెప్పమన్నాను కదా, పెద్దలు దానిచేత చెప్పిస్తున్నారు."

"అమ్మా!" అని కింద నీలికుండల దగ్గర్నించి బువాలై అరిచింది.

"నువ్వు నోరుమూసుకుని రంగు చూసుకో," అంది అత్త కిందికి చూడకుండానే. మళ్లీ నాతో, "నువ్వు చెడ్డవాడివని అననులే. కానీ వానలు వెళ్లేలోగా ఆ కుక్క నిన్ను ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ గడప నువ్వు దాటలేవు, పెళ్లీ లేదు, ఏమీ లేదు. వాళ్లు కాదన్నాక నా పిల్లను నీకిచ్చి నేను వాళ్ల ముందు ఏ మొహంతో కొవ్వొత్తి వెలిగించను?"

ఆ ఇంట్లో పెద్దావిడ మాట దాటేవాళ్లు లేరు. బువాలై కూడా దాటదు. నాకు బువాలై కావాలి. అంతకన్నా సూటిగా చెప్పడం నాకు రాదు. ఆమె నవ్వు కావాలి, రోజూ పొద్దున్నే నీలికుండల మీదకు వంగి వాసన చూసి "ఇవాళ బాగున్నావా" అని కుండల్ని పలకరించే ఆ పిచ్చి కావాలి. దానికీ నాకూ మధ్య ఒక పిడికెడంత బొచ్చుకుక్క అడ్డం పడుకుంది.

ఆ పూటే కింద ఆమె దగ్గరికి వెళ్లాను.

"విన్నావుగా మీ అమ్మ మాట? ఇకనైనా దాన్ని నెత్తికెక్కించుకోవడం మానవూ?"

గుడ్డ ముంచుతూ తీస్తూ ఉంది. "మొదటాయన నన్నొదిలేసి వెళ్లిన ఏడాది నేను మంచం దిగలేదు బావా," అంది. "కుండలన్నీ కుళ్లిపోయాయి. వీడొక్కడే పొద్దున్నే తలుపు గీరేవాడు. వీడికి అన్నం పెట్టాలి కదా అని లేచాను. అలా లేచిందాన్ని. ఇప్పుడు నువ్వొచ్చావని వీణ్ణి కింద పడెయ్యమంటే చేతులెలా వస్తాయి?"

"పడెయ్యమన్లేదు. దించమన్నాను."

"వాడికి రెండూ ఒకటే."

ఆ మాట విన్నాక ఆ కుక్క మీద పూర్తిగా కోపం తెచ్చుకోవడానికి కూడా లేకుండా పోయింది. అది ఇంకా పెద్ద విసుగు.

వానలు తగ్గుముఖం పట్టాయి. ఇంక కొద్దిరోజుల్లో వర్షావాసం ముగిసి గుళ్లో దీపాలు పెడతారనగా, ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. పెరట్లో దండేల నిండా ఆరేసిన గుడ్డలు. నేనూ బువాలై పరిగెత్తాం. చినుకులు పడుతుంటే గుడ్డలు లాగి భుజాల మీద వేసుకుంటూ, ఒకే గుడ్డ రెండు కొసలూ ఇద్దరం పట్టుకుని లాగి, ఒకరి మీద ఒకరం పడ్డాం. తడిసిన నీలం గుడ్డలో ఇద్దరం చుట్టుకుపోయాం. ఆమె పగలబడి నవ్వింది. నా జీవితంలో అంత హాయిగా ఎప్పుడైనా ఉన్నానా అనుకున్నాను. అనుకున్నానో లేదో, మణికట్టు దగ్గర భగ్గుమంది.

మామూలుగా పళ్లు తగిలించి వదిలేసేది. ఆ రోజు దింపింది. నెత్తురు వేళ్ల మీదుగా కారి గుడ్డ మీద పడింది. నేను "అమ్మా" అని చెయ్యి పట్టుకుని కూలబడ్డాను. కనూన్ అంత దూరంలో నిలబడి వణుకుతూ గుర్రుమంటోంది.

బువాలై వంగి దాన్ని ఎత్తుకుంది.

అలవాటు. కావాలని చేసింది కాదని నాకిప్పుడు తెలుసు. కానీ ఆ వానలో నేనక్కడ కూర్చుని చూస్తుంటే కనిపించింది ఒకటే. కాటు తిన్నది నేను, ఎత్తుకున్నది దాన్ని.

కుక్కకు టీకాలన్నీ వేయించే ఉన్నాయి. అయినా మర్నాడు పొద్దున్నే ఆస్పత్రికి వెళ్లి సూది వేయించుకుని, కట్టు కట్టించుకుని వచ్చాను. వచ్చి వరండాలో నా పనిముట్ల పెట్టె మూసి, బట్టలు మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఎవరూ ఆపలేదు. బువాలై స్తంభానికి ఆనుకుని, ఒళ్లో కుక్కతో, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లతో కూర్చుంది. ఏమన్నా అంటుందేమోనని సంచి జిప్పు రెండుసార్లు తీసి వేశాను.

"వెళ్లడమే మంచిది నాయనా," అంది అత్త. మొదటిసారి నాయనా అంది, అదీ పంపించేటప్పుడు. "పెద్దలు నెత్తురు చూపించాక ఇక అనేదేముంది? కానీ చెప్పకుండా రావడం ఎంత తప్పో చెప్పకుండా వెళ్లడమూ అంతే తప్పు. ఇలా వచ్చి కూర్చో."

మళ్లీ పూలు, మళ్లీ కొవ్వొత్తి. నేను మళ్లీ గడప ఇవతల.

"పెద్దలారా, దమ్రోంగ్ అనే మనిషి..." అని మొదలుపెట్టి ఆగింది. వెనక్కి తిరిగి, "దమ్రోంగ్ అన్నది మీ అమ్మ పెట్టిన పేరేగా? సాగనంపేటప్పుడు పుట్టుపేరే చెప్పాలి. లేకపోతే వాళ్లకు ఎవరో తెలియదు," అంది.

ఔనని ఊరుకుంటే పోయేది. కానీ ఆ బల్ల ముందు అబద్ధానికి నోరు రాలేదు.

"కాదత్తా. అది బళ్లో వేసినప్పుడు మాస్టారు పెట్టింది."

"మరి పుట్టుపేరేమిటి?"

"ఎందుకులెండి."

"ఎందుకేమిటి! చెప్పు."

"నాకు ముందు పుట్టినవాళ్లెవరూ దక్కలేదత్తా. మంచిపేరు పెడితే దయ్యాలు నన్నూ ఎత్తుకుపోతాయని అమ్మ భయపడింది. అందుకని..."

"అందుకని?"

"కుక్క అని పెట్టింది." చేతి కట్టు చూసుకుంటూ చెప్పాను. "పోయేదాకా నన్ను కుక్కా అనే పిలిచింది."

అత్త కొవ్వొత్తి పట్టుకున్న చేత్తోనే నుదురు కొట్టుకుంది, మైనం జుట్టు మీద పడింది.

"ఓరి నా తండ్రీ! ఇన్నాళ్లూ నేను వాళ్లకు చెప్పింది బళ్లో మాస్టారు పెట్టిన పేరా! పుట్టుపేరు తెలియని వాడెవడో వరండాలో చాపేసుకుని పడుకుంటే వాళ్లకు కోపం రాదూ? అందులోనూ, ఇంట్లో ఒక కుక్క ఉండగా చెప్పాపెట్టకుండా ఇంకో కుక్కను తెచ్చిపెడితే మొదటిది కరవదూ? కరవదూ అంటా!"

నా వెనక ఏదో విరిగినట్టు చప్పుడైంది. బువాలై నవ్వు. ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక, స్తంభానికి తల ఆనించి కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వుతోంది. "కుక్క," అంటుంది, మళ్లీ నవ్వుతుంది. నాకు కోపం రావాల్సింది. ఆమె నవ్వి ఎన్నిరోజులైందోనని నేను మోకాళ్ల మీదే అటు తిరిగాను.

కనూన్ గుర్రుమంది.

బువాలై నవ్వు ఆగిపోయింది. ఒళ్లో ఉన్న కుక్కను చూసింది, నా చేతి కట్టును చూసింది. ఎప్పటిలా దాని వీపు కింద చేతులు పెట్టి ఎత్తింది. ఎత్తి, పక్కన చెక్కల మీద దించింది.

అది మళ్లీ ఎక్కబోయింది. ఆమె లేచి నిలబడింది. అది అరిచింది, ముందుకాళ్లతో చీర కుచ్చిళ్లలాంటి ఆమె లుంగీ మడతలు గీరింది. ఆమె పెదవి బిగించి అటు చూడకుండా నడిచి వచ్చి, గడప ఇవతల నా పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. భుజం నా భుజానికి తగిలింది. వెనకాల కనూన్ మొరిగి మొరిగి, ఎవరూ పలక్కపోయేసరికి నోరు మూసుకుంది.

అత్త ఇద్దరినీ చూసింది. బల్లవైపు తిరిగి కొత్త కొవ్వొత్తి వెలిగించింది.

"పెద్దలారా, తప్పు నాది. ముసలిదాన్ని, అడక్కుండా చెప్పేశాను. మీ వరండాలో ఉన్నవాడు దమ్రోంగ్ కాదు. వీడి పేరు కుక్క. వాళ్లమ్మ బతికించుకున్న ఒక్కగానొక్క బిడ్డ. వీడు..." అని ఆగి నన్నడిగింది, "వెళ్తున్నావా, ఉంటున్నావా?"

నేను నోరు తెరిచేలోగా, "ఉంటాడమ్మా," అంది బువాలై.

ఆ రోజు నుంచి కనూన్ గుర్రుమంటే బువాలై ఎత్తుకోలేదు. ఒళ్లో ఉంటే దించేసేది, పక్కనుంటే లేచి వెళ్లిపోయేది. దానికి అన్నం పెట్టే పని నాకప్పగించింది. నేను పిలిస్తే తినేది కాదు. మొదట్లో ఒక పూటంతా గిన్నె ముందు కూర్చుని గోడవైపు చూస్తూ అలిగింది. దాన్ని అలా చూడలేక బువాలై కిందికెళ్లి కుండల దగ్గర ఏడ్చేది. ఆకలి ముందు ఎంత పౌరుషమైనా ఎంతసేపు? తర్వాత నేను వెళ్లిపోయాక తినేది, ఆ తర్వాత నేనుండగానే తిన్నది. మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నా గుర్రుమనకపోతే బువాలై అప్పుడు పిలిచి ఒళ్లో కూర్చోబెట్టుకునేది. వారం దాటాక ఒక సాయంత్రం వచ్చి నా కాలి పక్కన పడుకుంది. తగలకుండానే అనుకోండి, కానీ పడుకుంది.

పెద్దలకు పుట్టుపేరు చెప్పడం వల్లే కుదిరిందని అత్త ఊరంతా చెప్పింది. తన ముద్ద ఆలస్యంగా పనిచేసిందని తిప్ మామ అన్నాడు. ఒళ్లోంచి దించడం వల్లేనని నాకు తెలుసు, కానీ బువాలై దగ్గర ఆ మాట ఒక్కసారే అన్నాను. "ఆ దించడం నీకు తేలికగా కనిపించిందా?" అంది. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

వానలు వెళ్లాక పెళ్లయింది. పెద్దవాళ్లంతా మా మణికట్లకు తెల్లదారాలు కట్టారు. దీవించేటప్పుడు అత్త నా పుట్టుపేరు అందరికీ వినబడేలా చదివింది, పెళ్లికొచ్చినవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఫొటోల్లో నా తెల్లచొక్కా భుజం మీద అయిదు నీలం వేళ్ల గుర్తులున్నాయి. ఎంత కడుక్కున్నా ఆ రంగు చేతుల్ని వదలదు. ఆ చొక్కా నేను ఉతకనివ్వలేదు.

మర్నాడు పొద్దున వరండాలో కూర్చుని నా ఎడమ చెప్పు కడుక్కుంటున్నాను. ఆ ఒక్క అలవాటు వాడు మానలేదు, ఇప్పటికీ మానలేదు. వాడు మెట్టు మీద కూర్చుని నేనెంత బాగా కడుగుతున్నానో చూస్తున్నాడు. లోపల్నించి అత్త గిన్నెలు సర్దుతున్న చప్పుడు.

"కుక్కా! అన్నం చల్లారిపోతోంది, రా!"

ఇద్దరం లేచాం. గుమ్మం దగ్గర ఆగి వాడు నన్ను చూశాడు, నేను వాణ్ణి చూశాను. మా అమ్మ పోయాక ఆ పేరుతో నన్ను అన్నానికి పిలిచినవాళ్లు లేరు.

"ఎవర్నత్తా?" అన్నాను.

"ఎవర్నేమిటి?" అంది అత్త విసుగ్గా. "గిన్నెలు రెండు పెట్టాను, కనబడటం లేదూ?"